కుట్టిన చోటు, పుట్టిన చోటు

గుబ్బల నూకరాజు కలెక్టరు. ఈ మాటలో అబద్ధం లేదు, ఆయన నియామక పత్రంలోనే అలా ఉంది. కాకపోతే ఆ మాటకు ముందు ఇంకో మాట కూడా ఉంది: ఇన్‌సెక్ట్. పెళ్ళిచూపులనాడు మంగతాయారు మేనమామ ఆ కాగితాన్ని సగం మడతే విప్పి చదివి, "కలెక్టరంటర్రోయ్!" అని కేకేశాడనీ, రెండో సగం విప్పేటప్పటికి తాంబూలాలు మార్చేసుకున్నారనీ గోగులంకలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆయన పని దోమలు పట్టడం. పొద్దున్నే సంచిలో ఓ గాజు గొట్టం, కాస్త దూది, డజను సీసాలు వేసుకుని ఇళ్ళలోకి వెళ్ళేవాడు. తలుపుల చాటున, మంచాల కింద, దండెం మీది చీరల మడతల్లో వెతికేవాడు. దోమ కనబడితే గొట్టం దగ్గరగా పెట్టి, పాయసం రుచి చూసినంత సుతారంగా పీల్చేవాడు. దోమ గొట్టంలోకి వచ్చేది. మధ్యలో వలగుడ్డ ఉంటుంది కాబట్టి నోట్లోకి వచ్చేది కాదు. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో రెండుసార్లు మాత్రం వచ్చింది. సాయంత్రానికి ఏ వీధిలో ఏ జాతి దోమలు ఎన్ని దొరికాయో రాసి పురపాలక సంఘం ఆఫీసులో ఇచ్చేవాడు. వాళ్ళు దాన్ని కట్టలో కట్టేవారు. ఆ కట్టలను ఎవరూ విప్పేవారు కాదు కాబట్టి వాటివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

ఆ ఏడు ఆషాఢంలోనే వానలు గట్టిగా పట్టుకున్నాయి. వాటి వెనకే జ్వరాలు పట్టుకున్నాయి. ఏరియా ఆసుపత్రిలో డెంగీ తేలినవాళ్ళు రోజుకు పదిమందికి చేరేసరికి పై నుంచి ఒక ఆదేశం దిగింది. ప్రతి పట్టణం తన పటం మీద కేసుకొక ఎర్ర చుక్క పెట్టాలి. చుక్కలు ఎక్కడ గుమిగూడితే మందు కొట్టేవాళ్ళు అక్కడికి పరుగెత్తాలి. ఆదేశంలో తప్పేమీ లేదు. రెండు పేజీల నిండా మంచి సంగతులే ఉన్నాయి. మూడో పేజీ చివర మాత్రం ఒక వాక్యం ఉంది: "చుక్కలు అధికముగా గల ప్రాంతపు అధికారులు సంజాయిషీ ఇచ్చుకొనవలెను." మొదటి రెండు పేజీలూ ఎవరూ చదవలేదు. ఆ వాక్యం మాత్రం అందరికీ కంఠస్థమైపోయింది.

గోగులంక కమిషనర్ విశ్వపతి గారు వచ్చి మూడు నెలలే అయింది. చక్కటి మనిషి, నలగని చొక్కా, ఏ విషయాన్నయినా పరిపాలనాపరంగా చూడగల శక్తి. తన గదిలో గోడంత తెర పెట్టించి, దాని మీద ఇరవై నాలుగు వార్డుల పటం వేయించి, వార్డు శానిటరీ అధికారులందరినీ కూచోబెట్టారు. నిపుణుడు కావాలి కాబట్టి నూకరాజునూ పిలిచారు. నూకరాజు ద్వారం పక్కన నిలబడ్డాడు. నిపుణులకు కుర్చీ వేయాలని ఆదేశంలో లేదు.

మొదటి చుక్క పదకొండో వార్డులో పడింది. ఆ వార్డు అధికారి ఏసుపాదం చటుక్కున లేచాడు. నూకరాజుకు పాత స్నేహితుడు, పేకముక్కల దగ్గర తప్ప ఎక్కడా గొంతెత్తని మనిషి.

"సార్, చిన్న మనవండి. మా వార్డులో ఆ కుర్రోడు పడుకుంటాడంతేనండి. పొద్దుగూకులూ పదో వార్డులో రైసుమిల్లులో పన్చేత్తాడండి. ఈ దోమ పగలే కుడద్దంట కదండీ. అక్కడే కుట్టుంటాదండి. మరి చుక్క మాకెందుకండీ?"

పదో వార్డు అధికారి లేచి, ఆ మిల్లు తలుపు తమ వార్డులో ఉన్నా గోడ పన్నెండో వార్డులో ఉందన్నాడు. పన్నెండో వార్డు అధికారి సెలవులో ఉన్నాడు కాబట్టి కాసేపు ఆ వాదనే నెగ్గింది.

కమిషనర్ గారు కళ్ళు మూసుకుని విన్నారు. "ఏసుపాదం లేవనెత్తినది మౌలికమైన అంశం. రోగి బాధితుడు. బాధితుని గృహంపై చుక్క పెట్టుట సహజ న్యాయ సూత్రాలకు విరుద్ధం. నేరం ఎక్కడ జరిగినదో చుక్క అక్కడ పడాలి," అన్నారు.

అలా పుట్టింది కాటు స్థల ధ్రువీకరణ పత్రం. దోమ ఏ వార్డులో కుట్టిందో రోగి రాసివ్వాలి. ఆ వార్డు అధికారి "అవును, మా వార్డులోనే" అని సంతకం చెయ్యాలి. సంతకం పడితే చుక్క పడుతుంది. పడకపోతే ఆ జ్వరం "ఆచూకీ తేలవలసిన జ్వరం" అవుతుంది.

"చిరునామా లేని రోగం, పరిపాలనా దృష్ట్యా, రోగం కాజాలదు," అని కమిషనర్ గారు ముగించారు.

వారం గడిచింది. ఆసుపత్రిలో రక్తపరీక్షలో తేలినవాళ్ళు ఎనభై మూడు మంది. తెర మీద చుక్కలు రెండు. ఆ రెండూ పన్నెండో వార్డువి; సెలవులో ఉన్న అధికారి తరఫున పదో వార్డు అధికారి సంతకం చేసిపెట్టాడు.

మొదట్లో నూకరాజుకు ఇదంతా సరదాగానే ఉండేది. పత్రాలు పట్టుకుని రోగుల మంచాల దగ్గరికి వెళ్ళి అడిగి రాసే పని ఆయనదే. ఒక బస్సు కండక్టరు, తాను ఆ రోజు పందొమ్మిది స్టాపుల్లో ఆగాననీ, ఏ స్టాపులో ఎక్కిన దోమ కుట్టిందో చెప్పలేననీ అన్నాడు. కమిషనర్ గారు ఆ చుక్కను బస్సు డిపోకు పంపారు. టిక్కెట్టు తీసుకోని ప్రయాణికుల చర్యలకు సంస్థ బాధ్యత వహించదని డిపో మేనేజరు తిరుగు టపాలో రాశాడు. తర్వాత ఒక పడవవాడు వచ్చాడు. గోదావరి పాయ నడిమధ్య కుట్టిందన్నాడు. పాపం, అతను నిజమే చెప్పాడో, ప్రశ్నలు పడలేక చెప్పాడో! ఆ మాట వినగానే ఇరవై నాలుగు వార్డుల అధికారుల మొహాలూ విప్పారాయి. నది ఏ వార్డులోనూ లేదు, అంటే అక్కడి చుక్కకు ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఆనాటి నుంచి ఊళ్ళో సగం మందిని దోమలు నది మధ్యలోనే కుట్టాయి. ఎన్నడూ రేవు మెట్లు దిగని ముసలమ్మలు కూడా పడవ ప్రయాణంలో కుట్టించుకున్నట్టు పత్రాల మీద వేలిముద్రలు పడ్డాయి. తెర మీద నది ఎర్రగా పారింది.

చుక్కలున్న చోటికే మందు వెళ్ళాలన్నది నియమం. పొగ యంత్రాలు రెండు పడవలెక్కాయి. రోజూ సాయంత్రం నది మీద తెల్లటి పొగ కమ్ముకుంటే రేవులో జనం చేరి చూసేవారు. నీటిపారుదల శాఖ ఇంజనీరు ఘాటుగా ఒక ఉత్తరం రాశాడు: పారే నీటిలో డెంగీ దోమ గుడ్లు పెట్టదు, ఈ దోమలు మా శాఖవి కావు.

ఆ ఉత్తరం మీద మళ్ళీ సమావేశం పెట్టారు.

"నిపుణుడు చెప్పాలి. ఇంజనీరు వ్రాసినది నిజమేనా?" కమిషనర్ గారు అడిగారు.

"నిజవేనండి," అన్నాడు నూకరాజు. "అది నిలవ నీళ్ళల్లో పుడతాదండి. అదీ మంచినీళ్ళల్లో. కుండీలు, డ్రమ్ములు, కొబ్బరిచిప్పలు. పుట్టిన చోటునుంచి పెద్దగా ఎగరదండి. మహా అంటే వీధి దాటి వీధి."

"అనగా ఒక వార్డులో పుట్టి వేరొక వార్డులో కుట్టవచ్చును?"

"సరిహద్దు వీధుల్లో అయితే కుట్టొచ్చండి."

కమిషనర్ గారు నెమ్మదిగా లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చారు. "మనం పొరపాటు చేశాం. కుట్టిన చోటు కాదు ముఖ్యం, పుట్టిన చోటు. పెంచినవాడిదే బాధ్యత. పత్రంలో రెండో గడి చేర్చండి."

నూకరాజు అక్కడితో ఊరుకోవలసింది. కానీ ఇరవయ్యారేళ్ళలో ఆయన్ని దోమల గురించి ఎవరైనా ఏమైనా అడగడం అదే మొదలు. ఉత్సాహంలో ఇంకో ముక్క అన్నాడు: "పుట్టగానే దాంట్లో జబ్బు ఉండదండి. అది ముందో జబ్బు మడిసిని కుట్టాలండి. ఆ తరవాత వారం పది రోజులకి ఇంకోళ్ళకి అంటిత్తాదండి."

అధికారులందరూ ఆ ముక్క కూడా రాసుకున్నారు.

"అయితే," అన్నారు కమిషనర్ గారు, "దోమకు రోగం అంటించినది మనిషి!"

మూడో గడి చేరింది: సదరు దోమ అంతకుముందు కుట్టిన వ్యక్తి పేరు, తండ్రి లేక భర్త పేరు.

దీనివల్ల ఊళ్ళో కొన్ని కాపురాలు కదిలాయి. కోడళ్ళు మూడో గడిలో అత్తగార్ల పేర్లు రాశారు. తోడికోడళ్ళు ఒకరి పేరొకరు రాసుకున్నారు. ఒక ట్యూషను మాస్టారి పేరు పదిహేను పత్రాల్లో కనబడింది. ఆయనకు జీవితంలో ఎన్నడూ జ్వరం రాలేదు. లెక్కల మాస్టారు, అంతే.

ఇంత చేసినా దోమ పుట్టుక ఏ అధికారీ ఒప్పుకోలేదు. ఇహ కమిషనర్ గారు శాస్త్రీయంగా తేల్చాలని నిశ్చయించుకున్నారు. ఏదో పుస్తకంలో చూసి, నల్లటి ప్లాస్టిక్ డబ్బాలు ఎనిమిది వందల అరవై నాలుగు తెప్పించారు. డబ్బాలో సగం దాకా నీళ్ళు, లోపల ఒక గరుకు కాగితం. దోమలు నలుపుకు ఆశపడి వచ్చి ఆ కాగితం మీద గుడ్లు పెడతాయి. గుడ్లు లెక్కపెడితే ఎక్కడ దోమలు ఎక్కువో తెలుస్తుంది. ఇదీ మంచి పద్ధతే. నూకరాజుకు తెలిసిందే. కానీ కమిషనర్ గారు వాటిని వార్డుల సరిహద్దుల మీద పెట్టించారు. ఒక్కో డబ్బాకు నడిమికి తెల్ల గీత గీయించారు: గీతకు ఇటుపక్క పెట్టిన గుడ్లు ఈ వార్డువి, అటుపక్కవి ఆ వార్డువి. రాత్రికి రాత్రి అధికారులు డబ్బాలు పక్క వార్డుల్లోకి జరుపుతారన్న అనుమానంతో స్తంభాలకు తీగలతో కట్టించి, లక్క సీలు వేయించి, మీద అచ్చు వేయించారు: "ఇది ప్రభుత్వ సాక్ష్యం. కదిలించువారు, ఒలకబోయువారు శిక్షార్హులు. కమిషనర్ వారి కార్యాలయపు ఆస్తి."

నూకరాజు ఒక కాగితం రాసి ఇచ్చాడు: అయ్యా, ఈ డబ్బాల్లో నీళ్ళు ఏడు రోజులకొకసారి పారబోయాలి. లేకపోతే గుడ్లు పిల్లలై, పిల్లలు దోమలై ఎగిరిపోతాయి.

నాలుగు రోజులకు జవాబు వచ్చింది: "సాక్ష్యమును పారబోయుటకు నియమావళిలో అవకాశము లేదు."

నూకరాజు ఇల్లు సంత వీధిలో ఉంది. సంత వీధికి ఈ పక్క పదో వార్డు, ఆ పక్క పదకొండు. కాబట్టి వీధి పొడుగునా నలభై డబ్బాలు బారులు తీరాయి. పన్నెండో రోజు పొద్దున ఆయన గుమ్మం ముందున్న నాలుగు వందల పన్నెండో నంబరు డబ్బాలోకి తొంగి చూశాడు. నీళ్ళలో దోమపిల్లలు వందల్లో, మెలికలు తిరుగుతూ, మంచి ఆరోగ్యంతో ఉన్నాయి. డబ్బా అంచు మీద అప్పుడే రెక్కలొచ్చిన ఒకటి కాళ్ళు ఆరబెట్టుకుంటోంది. కాళ్ళకు తెల్ల చారలు, అంటే డెంగీదే.

ఇంకో మూడు వారాలకు సంత వీధిలో ఇంటికొకరు పడకేశారు. ఎదురింటి సత్యవేణి, తర్వాత జాకెట్లు కుట్టే భవాని, తర్వాత మంగతాయారు.

మంగతాయారు జ్వరానికి జడిసే మనిషి కాదు. రెండు రోజులు కషాయం తాగుతూ, పొయ్యి దగ్గరే తిరిగింది. మూడో రోజు గిన్నె దించుతూ దించుతూ గోడకు ఆనుకుని కూలబడిపోయింది. పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళలోంచి నెత్తురొచ్చిందని అప్పుడు చెప్పింది. నూకరాజు ఆమెను లేవదీశాడు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

డాక్టర్ ఝాన్సీ రక్తపరీక్ష చేయించింది. ప్లేట్‌లెట్లు ముప్పై ఒక్క వేలు. డెంగీ.

"చేర్చుకుంటున్నాను. కానీ డెంగీ అని రాయలేను," అందామె.

"అదేటండమ్మా?"

"కంప్యూటరు కాటు స్థలం నంబరు అడుగుతోందండీ. అది లేనిదే డెంగీ అన్న మాట తీసుకోదు. అందుకని నడుం నొప్పి అని రాస్తున్నాను. ఆ వార్డులో నలభై మంది ఆడవాళ్ళున్నారు, అందరికీ నడుం నొప్పే. మగవాళ్ళకి కాలు బెణుకు. వైద్యం మాత్రం డెంగీదే చేస్తున్నాం, మీరు కంగారుపడకండి." ఆమె కళ్ళ కింద నల్లటి వలయాలున్నాయి. "జిల్లా నుంచి నాకు నిన్న తాఖీదొచ్చింది. గోగులంకలో ఇన్ని నడుములెందుకు పట్టేస్తున్నాయో సంజాయిషీ ఇమ్మన్నారు."

మంచం మీద మంగతాయారు కళ్ళు మూసుకుని ఉంది. చేతికి సెలైను. నూకరాజు పక్కన స్టూలు మీద కూచుని, అలవాటు కొద్దీ పత్రం తీశాడు.

"తాయారూ, ఎక్కడ కుట్టిందే?"

ఆమె ఒక కన్ను తెరిచింది. "మోచేతి మీద."

"అది కాదే. ఏ వార్డులో అని."

"ఏవండీ, నేను మీ పెళ్ళాన్నండి. పాతికేళ్ళ బట్టీ మీ ఇంట్లోనే ఉంటన్నాను. ఇంకెక్కడ కుడద్దండి? పడవెక్కానని రాసేత్తారా ఏంటి, నన్ను కూడా?"

నూకరాజు పత్రాన్ని మడత పెట్టాడు. ఆ పత్రాల్లో ఎంతమందిని ఆయన పడవెక్కించాడో లెక్క ఆయనకే తెలుసు.

"మీరు దోమల్ని చూత్తే చాలు, దాని ఊరూ పేరూ చెప్పేత్తారంటారు కదా అందరూ," అంది ఆమె, నెమ్మదిగా. "మరి నన్ను కుట్టింది ఎక్కడ పుట్టిందో తెలీదేంటండీ మీకు?"

తెలుసు. అదే చిక్కు. మూడేళ్ళలో పదవీ విరమణ. ఎదురుగా మంచాల వరసలో సత్యవేణి, భవాని, ఇంకా ముప్పై ఎనిమిది నడుం నొప్పులు. ఊళ్ళో ఇంకా ఎనిమిది వందల అరవై నాలుగు డబ్బాలు నీళ్ళతో కళకళలాడుతున్నాయి. మందు కొట్టేవాళ్ళు నది మీద ఉన్నారు.

ఆయన తిన్నగా ఏసుపాదం దగ్గరికి వెళ్ళాడు.

"తమ్ముడూ, ఆ డబ్బాలు బోర్లించేద్దారా."

ఏసుపాదం గుండె మీద చెయ్యేసుకున్నాడు. "అన్నయ్యా, ఆటి మీద సీలుందన్నయ్యా! సాక్ష్యం అన్నయ్యా! ఉజ్జోగాలు పోతాయి." గొంతు తగ్గించాడు. "వదినికెలాగుంది?"

"నెత్తురు పడతంది."

ఏసుపాదం గుండె మీది చెయ్యి దించేశాడు. వెళ్ళొస్తానన్న నూకరాజును ఆపలేదు.

మర్నాడు పొద్దున ఏడింటికి నూకరాజు సంత వీధి మొదట్లో నిలబడ్డాడు. ముందు ఒక్కో డబ్బాలోంచి ఒక సీసాడు నీళ్ళు తీసి, మూత పెట్టి, నంబరు రాసి సంచిలో పెట్టుకున్నాడు. పని పద్ధతిగా చెయ్యడం ఆయన రక్తంలో ఉంది. తర్వాత నాలుగు వందల పన్నెండో డబ్బా దగ్గరికి వెళ్ళి, లక్క సీలు మీద ఇటుకరాయితో ఒక దెబ్బ వేశాడు. నీళ్ళు నేల మీద ఒంపాడు. దోమపిల్లలు ఎండలో గిలగిల్లాడి ఊరుకున్నాయి.

వీధి ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. భవాని తల్లి వీరాయమ్మ ముందుకొచ్చింది. "నూకరాజు గారూ, దాని మీదేదో రాసుంది కదండీ, ముట్టుకుంటే జైలని?"

"ఉందమ్మా."

"మరి నాకు చదువు రాదు కదండీ," అని ఆవిడ పక్క డబ్బాను రోకలితో ఒక్కటిచ్చింది.

తొమ్మిదింటికల్లా ఆ వీధిలో చదువొచ్చిన ఆడది ఒక్కతీ మిగల్లేదు. మధ్యాహ్నానికి కబురు రైసుమిల్లు దాటింది. రెండో రోజు సాయంత్రానికి గోగులంకలో నిటారుగా నిలబడిన డబ్బా లేదు. అరవై డబ్బాలను, ఎవరూ చూడకుండా, ఏసుపాదమే బోర్లించాడని తర్వాత తెలిసింది.

ఆ రోజే నూకరాజు ఆఫీసుకు వెళ్ళి మంగతాయారు పత్రం ఇచ్చాడు. నీట్‌గా నింపాడు. కుట్టిన చోటు: స్వగృహం, సంత వీధి. అంతకుముందు కుట్టిన వ్యక్తి: ఎదురింటి సత్యవేణి, ప్రస్తుతం నడుం నొప్పితో ఆసుపత్రిలో ఉన్నారు. పుట్టిన చోటు: డబ్బా నంబరు 412, కమిషనర్ వారి కార్యాలయపు ఆస్తి. నమూనా సీసా జతపరచడమైనది.

కంప్యూటరు దగ్గర కూచున్న అమ్మాయి నియమావళి తీసి చూసింది. పుట్టిన చోటు ఎవరి ఆస్తి అయితే చుక్క వారిది. సంతకం చేయవలసిన అధికారి: కమిషనర్. కమిషనర్ గారు నాలుగు రోజుల సెలవులో ఉన్నారు; ఆయన సంతకం అచ్చు ముద్ర ఆమె దగ్గరే ఉంటుంది, రోజుకు నూట యాభై కాగితాల మీద వేస్తుంది. వేసేసింది. తెర మీద పురపాలక సంఘం భవనం నెత్తిన ఒక ఎర్ర చుక్క వెలిగింది.

ఈ సంగతి గంటలో ఇరవై నాలుగు వార్డులకూ పాకింది. డెంగీ కూడా అంత వేగంగా పాకలేదు. వార్డు అధికారులు బీరువాలు తెరిచి, ఆచూకీ తేలని జ్వరాల పత్రాలన్నీ బయటికి తీసి, పుట్టిన చోటు గడిలో తమకు దగ్గర్లో ఉన్న డబ్బా నంబరు వేసి పరుగున తెచ్చి ఇచ్చారు. నదిలో ఉన్నవాళ్ళను కూడా ఒడ్డుకు చేర్చారు. మూడోనాటికి రెండు వందల ఎనభై ఏడు చుక్కలు ఒకే భవనం మీద పడ్డాయి. తెర మీద ఆఫీసు కుంకుమ రాశిలా ఉంది. మిగిలిన ఊరంతా తెల్లగా, పసిపాప నవ్వులా ఉంది. ఆసుపత్రిలో మాత్రం డాక్టర్ ఝాన్సీ అందరికీ నడుం నొప్పి కొట్టేసి డెంగీ అని రాసి, ఆ పూట టిఫిను చేసింది.

కమిషనర్ విశ్వపతి గారు సెలవు నుంచి తిరిగొచ్చి తెర చూశారు. చాలాసేపు చూశారు. పక్కన నిలబడ్డవాళ్ళు మంచినీళ్ళు తెమ్మందామా అని కూడా అనుకున్నారు. కానీ ఆయన సామాన్యుడు కాదు. కూచుని రెండు కాగితాలు రాయించారు.

మొదటిది నూకరాజుకు: ఎనిమిది వందల అరవై నాలుగు ప్రభుత్వ సాక్ష్యాలను ధ్వంసం చేయించినందుకు మిమ్మల్ని ఎందుకు తొలగించరాదు? విచారణ జరుగును.

రెండోది పై అధికారులకు: "పట్టణమంతటా విస్తరించియున్న సంక్రమణను అవిరళ కృషితో ఒకే భవనమునకు పరిమితము చేయగలిగితిమి. ప్రస్తుతము ఇరవై నాలుగు వార్డులునూ చుక్కరహితములు."

పై అధికారులు ముగ్ధులయ్యారు. ఇంతవరకు ఏ పట్టణమూ రోగాన్ని నాలుగు గోడల మధ్య బంధించలేదు. విశ్వపతి గారిని రాజధానికి పిలిపించి, ఈ విధానాన్ని మిగతా పట్టణాలకు నేర్పే బాధ్యత అప్పగించారు. ఆయన పూలదండ వేయించుకుని వెళ్ళారు. వెళ్ళే ముందు మందు కొట్టే దళాన్ని నది నుంచి రప్పించి చుక్కలున్న చోటికి, అంటే తన ఆఫీసుకు, పంపించారు. ఆ పొగకు రికార్డు గదిలో ఎలుకలు కూడా వలస పోయాయి.

డబ్బాలు బోర్లించిన పన్నెండు రోజులకు కొత్త జ్వరాలు తగ్గుముఖం పట్టాయి. ఇరవై రోజులకు ఆసుపత్రిలో మంచాలు ఖాళీ అయ్యాయి. మంగతాయారు అంతకుముందే ఇంటికొచ్చింది, మనిషి సగమైపోయి. మొదటి రోజు చారన్నం, రెండో రోజు బెండకాయ వేపుడు, మూడో రోజు, "ఏవండీ, ఈ ఉప్పు ఎవరేశారండీ కూరలో?" అంది. నూకరాజు పెరట్లోకి వెళ్ళి కాసేపు మొహం కడుక్కున్నాడు.

"ఉజ్జోగం పోద్దంటారా?" అని అడిగింది ఆ పూట.

"పోతే పోద్ది."

"పోయినా పర్లేదులెండి. మా మావయ్యకి మాత్రం నేను చెప్పను. ఆయనింకా మీరు కలెక్టరనుకునే ఉన్నాడు."

విచారణకు జిల్లా నుంచి జగన్నాథం గారనే అధికారి వచ్చారు. పెద్ద వయసు, పెద్ద కళ్ళజోడు, చిన్న ఓపిక. పురపాలక సంఘం వెనక గదిలో కూచున్నారు. కిటికీ అవతల మురిక్కాలవ. ఎనిమిది వందల అరవై నాలుగు డబ్బాలకూ ఒక్కో ప్రశ్న చొప్పున అడగాలని ఆయనకు రాసిచ్చారు. నూట ఆరో డబ్బా దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం ఆరు కావొచ్చింది, కరెంటు కూడా పోయింది.

"నూట ఆరో నంబరు డబ్బా సీలు మీరు..." అంటూనే ఆయన బల్ల కిందికి వంగి పిక్క మీద చెళ్ళున కొట్టుకున్నారు. అరచెయ్యి పైకి తీసి చూసుకుని, మొహం పాలిపోయి, చెయ్యి నూకరాజు ముందుకు చాపారు. "ఇది... ఇది అదేనా?"

నూకరాజు టార్చిలైటు వేసి, కళ్ళు చికిలించి చూశాడు. "భయం లేదండి. డెంగీది కాదండి."

జగన్నాథం గారు గట్టిగా ఊపిరి వదిలారు. "హమ్మయ్య. మరి ఏమిటిది?"

"బోదకాలుదండి."

జగన్నాథం గారు పంచెతో పిక్క గట్టిగా తుడుచుకున్నారు.

"కంగారుపడకండి," అన్నాడు నూకరాజు మర్యాదగా. "ఒక్క కాటుకి రాదండి. వందల్లో కుట్టాలండి. ఏళ్ళ తరబడి కుట్టాలండి."

"ఇక్కడ ఎన్ని ఉన్నాయి?"

నూకరాజు వంగి బల్ల కింద టార్చి తిప్పాడు. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. "లెక్కెట్టమంటారా అండి?"

జగన్నాథం గారు రెండు కాళ్ళూ కుర్చీ మీదికి లాక్కున్నారు. మిగిలిన ఏడు వందల యాభై ఎనిమిది ప్రశ్నల కాగితాలను పక్కకు నెట్టారు. "డబ్బాలు ఇంకేమైనా మిగిలాయా ఊళ్ళో?"

"లేవండి."

"మంచిది," అన్నారాయన. తర్వాత ఒక తెల్ల కాగితం ఒళ్ళో పెట్టుకుని, కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూచుని, పంచె అంచు పాదాల కిందికి చుట్టూ దోపుకుని, టార్చి వెలుగులో గబగబా రాశారు: "ఆరోపణలు రుజువు కాలేదు." సంతకం చేసి, కాళ్ళు కింద పెట్టకుండానే, కారు గుమ్మం దాకా తెమ్మని డ్రైవరుకు కేకేశారు.